జాతర అయిపోయాక చీర ఏమవుతుంది

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కింద వేపాకు పడక, ఇంట్లో తాలింపు వాసన కూడా రానివ్వలేదు. పిల్లోడు లేచి తిరిగితే జాతరకు ఆడవేషం కట్టిస్తానని మా అవ్వ గంగమ్మకు మొక్కుకుంది. తిరుపతి వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం పాటు జరుగుతుంది, మంగళవారం రాత్రి చాటింపు వేశాక ఊళ్లో వాళ్లు పొలిమేర దాటకూడదంటారు, ఆ తర్వాత బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడుచుకుని గుడికి నడుస్తారు. మా అత్త తన పాత వాయిల్ చీర సగానికి మడిచి నాకు కట్టింది, కనకాంబరాలు పెట్టింది, బుగ్గన చుక్క పెట్టింది. నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని గుడి దాకా తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఆడవాళ్లు బుగ్గలు పుణికి మెటికలు విరిచారు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఆల్బంలో ఉంది.

అదే ఏడాది దసరా సెలవుల్లో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ట్రంకు పెట్టెలో నుంచి ఆ చీరే తీసి మళ్లీ కట్టుకున్నాను. నాయన మధ్యలో ఇంటికొచ్చాడు. బెల్టు తీశాడు. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ ఆ చీరను చింపి వంటింట్లోకి మసిగుడ్డలు చేసింది, ఆ గుడ్డలతో పొయ్యి మీద గిన్నెలు దించుతుంటే నేను చూస్తూ ఉండేవాణ్ని.

అదే చీర, అదే పిల్లోడు, అదే నాయన. మధ్యలో ఐదు నెలలు. నేను గే అని నాకు తెలియడానికి ఇంకా పదేళ్లు పట్టింది కానీ, నేను చదివిన చరిత్ర అంతా, ఈ వ్యాసం కూడా, ఆ ఐదు నెలల తేడా ఏమిటో తెలుసుకోవాలనే.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌లో మా మీదున్న భాగాన్ని, అంటే స్వలింగ సంబంధాలను నేరం చేసిన భాగాన్ని, కొట్టేసిన రోజు అందరిలాగే నేనూ మన పురాణాల గురించి ఒక పెద్ద పోస్టు రాశాను. కోనసీమలో ర్యాలి గుడి ఉంది కదా, ఒకే రాతిలో ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక నుంచి చూస్తే జగన్మోహిని. మా కొండ మీద బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామికి మోహినీ అలంకారం చేసి పల్లకిలో ఊరేగిస్తారు, రాత్రికి గరుడసేవ. తిక్కన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో, అందులో అర్జునుడు పేడి రూపంలో బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఇవన్నీ రాసి, మన సంస్కృతిలో మేము ఎప్పుడూ ఉన్నాం అని ముగించాను. మా బావ ఫోన్ చేశాడు. మంచివాడే, నా సంగతి తెలిసి కూడా నాతో మామూలుగా ఉన్న కొద్దిమందిలో ఒకడు. "అంతా బాగుంది కానీ ఒక డౌటు రా" అన్నాడు. "వాళ్లందరూ పని అయిపోయాక మళ్లీ మగోళ్లు అయినారు కదా?"

నా దగ్గర జవాబు లేదు. అమృతం పంచడం అయిపోయాక మోహిని ఉండదు. అజ్ఞాతవాసం గడువు తీరగానే బృహన్నల గాండీవం పట్టుకుంటాడు. జాతర అయిపోయాక మా వీధి మగవాళ్లు ముఖం కడుక్కుని మర్నాడు డ్యూటీకి వెళ్తారు. నేను పూర్వీకులనుకుని పేర్చిన వాళ్లంతా వేషం తీసేసిన వాళ్లే. తీసేస్తారన్న నమ్మకం ఉంది కాబట్టే వాళ్లను పల్లకిలో పెట్టి మోశారు. నన్ను బెల్టుతో కొట్టింది చీర కట్టినందుకు కాదేమో, ఎవరూ కట్టమనకుండా కట్టినందుకు, ఎప్పుడు విప్పుతాడో తెలియనందుకు.

ఆ ఫోన్ తర్వాత నేను చరిత్రను వేరే రకంగా చదవడం మొదలుపెట్టాను. ఆడవేషం ఎక్కడ కనిపించినా సంతోషపడి ఆగిపోవడం మానేసి, ఆ వేషానికి అనుమతి ఎవరిచ్చారు, ఎప్పటిదాకా ఇచ్చారు, అది ఎవరికి దొరకలేదు అని అడగడం. కవిత్వం ఒక్కటే చదివితే ఈ ప్రశ్నకు జవాబు రాదు. నాటకం ఒక్కటే చూసినా రాదు. పాత చట్టాలు, పరిశోధకులు వీధుల్లో తిరిగి రాసుకున్నవి పక్కన పెట్టుకుంటేనే వస్తుంది.

కవిత్వం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మా ఇంట్లో ఉన్నది అదే. అన్నమయ్య శృంగార కీర్తనల్లో చాలావాటిలో మాట్లాడేది నాయికో, ఆమె చెలికత్తెలో. స్వామి కోసం ఎదురుచూసేది, అలిగేది, దెప్పేది ఆడగొంతు, రాసింది మగవాడు. రెండు వందల ఏళ్ల తర్వాత క్షేత్రయ్య మువ్వగోపాలుడి మీద రాసిన పదాల్లోనూ అంతే. మా సమావేశాల్లో కొందరు వీటిని సాక్ష్యంగా చూపిస్తారు, ఆడగొంతుతో మగదేవుణ్ని ప్రేమించిన కవి మనవాడే అని. ఆశ నాకు అర్థమవుతుంది, ఒప్పుకోలేను. నాయికా భావం, అంటే తనను దేవుడి ప్రియురాలిగా ఊహించుకుని పాడడం, భక్తి కవులందరికీ తెరిచి ఉన్న దారి, ఆ గొంతును బట్టి అన్నమయ్య మనసులో ఏముందో చెప్పడం కుదరదు, చెప్తే ఆయనకూ మనకూ అన్యాయం.

కానీ ఆ కీర్తనలు చదువుతుంటే భాష గురించి ఒక సంగతి తట్టింది, అప్పటి నుంచి వదలడం లేదు. తెలుగులో "నేను వచ్చాను" అంటే ఆ నేను ఆడో మగో తెలియదు. "నువ్వు వచ్చావు" అన్నా తెలియదు. ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడే వచ్చాడో, వచ్చిందో తేల్చాలి. అంటే మన భాషలో ఎవరి గురించి వాళ్లు చెప్పుకున్నంతసేపు ఆ ముద్ర పడదు, పక్కవాళ్లు చెప్పేటప్పుడు పడుతుంది. ఉర్దూలో అలా కుదరదు, ఆతా హూఁ అనాలి, లేదా ఆతీ హూఁ అనాలి, నోరు తెరవగానే తేలిపోతుంది. అందుకే అక్కడ ఆడగొంతుతో రాసిన మగకవులకు ప్రతి క్రియా ఒక వేషమే. 17వ శతాబ్దంలో బీజాపూర్‌లో హాష్మీ అనే కవి దక్కనీ ఉర్దూలో అలా రాశాడు, తర్వాత లక్నోలో రంగీన్, ఇన్షా రాసిన దానికి రేఖ్తీ అని పేరొచ్చింది, అందులో ఆడవాళ్లు ఆడవాళ్లను ప్రేమించే పద్యాలు కూడా ఉన్నాయి. రూత్ వనిత వాటి మీద ఏళ్ల తరబడి పనిచేసి 2012లో పుస్తకం తెచ్చింది. తర్వాతి తరాలు రేఖ్తీని బూతు అని పక్కకు నెట్టేశాయి.

బూతు అనే మాట వచ్చింది కాబట్టి ముద్దుపళని గురించి చెప్పకుండా ఉండలేను. 18వ శతాబ్దపు తంజావూరులో ఆమె రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మళ్లీ అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది, 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. అంతకు ముందే వీరేశలింగం ఆ కావ్యాన్ని తిట్టిపోశాడు. ఆయన పుస్తకాల్లో మాత్రం శృంగారం లేదా అని నాగరత్నమ్మ ముందుమాటలో సూటిగా అడిగింది. మాటలు ఒకటే అయినా మగకవి నోట శృంగారం, వేశ్యాకులంలో పుట్టిన ఆమె నోట బూతు. ఎవరు అన్నారన్నదే తీర్పు. ఇది నాకు చాలా దగ్గరి చుట్టంలా అనిపించే కథ, నేరుగా మాది కాకపోయినా.

ఇక వేదిక. 1920లో బాపట్లలో సత్యహరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాకపోతే స్థానం నరసింహారావు ఆ వేషం కట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. తర్వాత సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, తెలుగునాడంతా ఆయన చీరకట్టును, నడకను, ఓరచూపును చూడ్డానికి టికెట్లు కొని వచ్చింది. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఆయన గొప్ప నటుడు, ఇందులో నాకు రెండో మాట లేదు.

బాపట్లలో ఆయన మొదటిసారి చీర కట్టడానికి ఇంచుమించు ఏడాది ముందు, 1919లో, నిజాం రాజ్యంలో వాడిన ఫస్లీ క్యాలెండరు లెక్కన 1329లో, అక్కడ ఒక చట్టం వచ్చింది. పేరు యూనక్స్ యాక్ట్, అంటే నపుంసకుల చట్టం. బ్రిటిష్ వాళ్లు 1871లో చేసిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు రెండో భాగం పోకడలోనే ఉంటుంది ఇది (ఆ పాత చట్టం ఉత్తరాదిలో హిజ్రాల బతుకులను ఎలా నలిపిందో జెసికా హించీ 2019లో వచ్చిన తన పుస్తకంలో దఫ్తరాలు తవ్వి రాసింది). హైదరాబాదు చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక రిజిస్టరు పెట్టాలి. మగపిల్లల్ని ఎత్తుకెళ్తారనో, ప్రకృతి విరుద్ధమైన పనులు చేస్తారనో అనుమానమున్న నపుంసకుల పేర్లు అందులో ఎక్కించాలి. నపుంసకుడు అంటే తానే ఒప్పుకున్న మగవాడు, లేదా డాక్టరు పరీక్షలో అలా తేలినవాడు. రిజిస్టరులో పేరున్న మనిషి ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనపడితే, వీధిలో వాళ్లకు కనపడాలని ఇంకెక్కడైనా నిలబడినా సరే, వీధిలో ఆడినా, వాయించినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమని నేను అడిగేది. బాపట్ల బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, హైదరాబాదు నిజాం కింద ఉంది, ప్రభుత్వాలు వేరు, నిజమే. కానీ నేను తేడాను సరిహద్దు దగ్గర వెతకడం లేదు. చీర రెండు చోట్లా చీరే. ఆట రెండు చోట్లా ఆటే. వీధి అన్న మాట కూడా అసలు తేడా కాదు, మన భాగవతాలు వీధి భాగవతాలే కదా, కూచిపూడి వాళ్లు ఊళ్ల వీధుల్లోనే ఆడారు. చట్టానికి కావలసింది ఆ బట్టల లోపలి మనిషి. నాటకం అయ్యాక ఇంటికెళ్లి భార్యాపిల్లల మధ్య కూర్చునే వాడైతే అది కళ, వెళ్లడానికి అలాంటి ఇల్లు లేని వాడైతే రిజిస్టరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయనకు ఈ చట్టం సంగతి తెలియదు, తెలిసే అవసరమూ రాలేదు, ఆ ఆలోచన మా ఇంట్లో గాలిలా ఉండేది.

కూచిపూడి మాట వచ్చింది కాబట్టి కొంచెంసేపు అక్కడే ఉంటాను. సిద్ధేంద్రయోగి ఆజ్ఞ అని చెప్తారు, ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని. వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో జడ పట్టుకుని వచ్చిన తీరు గురించి చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. హర్షిత మృత్యింటి కామత్ ఆ ఊళ్లో ఉండి పరిశోధన చేసి 2019లో 'ఇంపర్సొనేషన్స్' అనే పుస్తకం రాసింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది కూడా. ఆ పుస్తకం తెరిచినప్పుడు, స్త్రీవేషం అంటే మాలాంటి వాళ్లకు ఒక తలుపు అని రాసి ఉంటుందని ఆశపడ్డాను. ఆమె చెప్పింది దాదాపు దానికి వ్యతిరేకం. ఆ ఊళ్లో స్త్రీవేషం కట్టడం బ్రాహ్మణ మగతనాన్ని తగ్గించలేదు, పెంచింది. ఆడదానిలా అచ్చంగా ఆడగలిగినవాడు ఊళ్లో పెద్ద మగవాడు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలకు నేర్పడం మొదలయ్యాక, ఆడవేషాలు ఆడవాళ్లే కడుతుంటే, నగరంలో వేషం కట్టే మగవాణ్ని జనం వేరే చూపుతో చూడసాగారు. పుస్తకం చివర్లో ఆమె కూచిపూడి బ్రాహ్మణ ఇళ్లలోని ఆడవాళ్లతో మాట్లాడుతుంది, ఆ నడక, ఆ జడ, ఆ అలక ఎవరివో ఆ ఆడవాళ్లతో, గజ్జె కట్టే అవకాశం ఎన్నడూ రాని వాళ్లతో. ఆ భాగం చదివి రెండు రోజులు ఇంకేమీ చదవలేకపోయాను. గోదావరి జిల్లాల్లో కలావంతుల, అంటే దేవదాసీ కుటుంబాల, ఆడవాళ్లు కూడా భామాకలాపం ఆడేవాళ్లు, 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చి వాళ్ల ఆట ఆగిపోయింది. సత్యభామ మాత్రం ఆగలేదు.

నాకు నచ్చని నిజాలే ఇవి. పరిశోధన మీద నాకు గౌరవం కలిగింది కూడా ఇక్కడే, నేను వినాలనుకున్నది చెప్పనందుకు. జాయిస్ ఫ్లూకిగర్ అనే ఆవిడ మా గంగమ్మ మీద 2013లో పుస్తకం రాసింది. ఊరి ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ని చంపడానికి అమ్మవారు రోజుకో వేషం వేసుకుని వెతికిందని, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటికొచ్చి దొరికాడని మా అవ్వ చెప్పే కథనే ఆమె పట్టుకుంది. ఆ వారం లోకమంతా ఆడదవుతుందని, మగవాడు అమ్మవారి దగ్గరికి మగవాడిగా వెళ్లలేడని ఆ పుస్తకం సారం. అది చదివాక అవ్వ నాకు చీర కట్టించిన దానిలో ఎగతాళి ఒక్క పిసరు కూడా లేదని గట్టిగా నమ్మాను. ఈ మధ్య ఒక పెద్ద సినిమాలో హీరో చీర కట్టి జాతరలో ఆడితే థియేటర్లో జనం పూనకం వచ్చినట్టు అరిచారు, నేనూ అరిచాను, ఏడ్చాను కూడా. బయటికొస్తుంటే పార్కింగులో నలుగురు కుర్రాళ్లు ఇంకో కుర్రాణ్ని, నడక బాగాలేదని, చేతులు తిప్పుతున్నాడని ఏడిపిస్తున్నారు. లోపల అరిచిన వాళ్లే.

గాయత్రి రెడ్డి 2005లో వచ్చిన తన పుస్తకం కోసం హైదరాబాదు, సికింద్రాబాదుల్లో హిజ్రాల మధ్య తిరిగింది. అందరూ వాళ్ల శరీరం గురించే అడుగుతుంటే, వాళ్లు ఆమెతో ఎక్కువగా మాట్లాడింది ఇజ్జత్, అంటే పరువు గురించి. గురువు ఎవరు, చేలాలు (శిష్యులు) ఎవరు, ఏ ఇంటి రీతు (సభ్యత్వం), ఎవరికి ఎవరు మర్యాద ఇవ్వాలి. ఇక్కడ నాకు దొరికింది వేషం తీసేయని మనుషుల చరిత్ర. ఇందులో పల్లకీలు లేవు, పద్మశ్రీలు లేవు. నా పోస్టులో పేర్చిన దేవుళ్ల కంటే వీళ్లే నాకు దగ్గరివాళ్లు, ఈ మాట అనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే గే కుర్రాళ్లం మేము కూడా హిజ్రాలతో కలిపి చూస్తే సిగ్గుపడి పక్కకు జరిగిన వాళ్లమే. ఆఫీసు ఐడీ కార్డు మెడలో ఉంటే సిగ్నల్ దగ్గర చప్పట్లు వినపడగానే అద్దం ఎత్తేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తప్పు నాది.

ఆ 1919 నాటి నిజాం చట్టం తెలంగాణ చట్టాల పుస్తకాల్లో 2023 దాకా ఉంది. వైజయంతి వసంత మొగ్లి, ఆమెతో ఇంకొందరు 2018లో హైకోర్టుకు వెళ్తే, 2023 జూలైలో కోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని, సమానత్వం, జీవించే హక్కు గురించిన 14, 21 అధికరణలను ఉల్లంఘిస్తోందని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్ మనుషులకు ఆసరా పింఛను కూడా వర్తింపజేయాలని చెప్పింది. అంటే చట్టం లెక్కన నూరేళ్లకు పైగా బోనాల్లో, పెళ్లిళ్లలో, షాపుల ముందు ఆడిన ప్రతి హిజ్రా నెత్తి మీదా అది వేలాడుతూనే ఉంది. ఆ తీర్పు రోజు టీవీల్లో పెద్ద చర్చలేమీ జరగలేదు. నాకు తెలిసిన ఒక అక్క, ఉప్పల్ వైపు ఉంటుంది, ఫోన్ చేసి చెప్తే "అట్లాంటి చట్టం ఒకటి ఉండెనా? మమ్మల్ని కొట్టనీకి పోలీసోళ్లకు చట్టం ఎప్పుడు గావాల్సొచ్చింది" అంది.

నాకున్న పెద్ద కోపం ఇంకొకటి ఉంది. పైన చెప్పిన పరిశోధనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా తిరుపతి గురించి, కూచిపూడి గురించి, సికింద్రాబాదు గురించి. ఆ అక్క చదవలేదు, మా అమ్మ చదవలేదు, గంగమ్మ జాతరలో వేషం కట్టే కైకాల కుటుంబాల పిల్లల్లో ఎంతమంది చదువుతారో ఆలోచించండి. తెలుగులో మాకు అందిన పుస్తకం ఏదంటే, తమిళనాడు రేవతి తన జీవితం గురించి రాసుకున్నది, పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెచ్చారు, ఆ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నేను దాని నాలుగు కాపీలు కొని పంచాను, రెండు తిరిగి రాలేదు, సంతోషం. కానీ మన ఊళ్ల మనుషుల కథలు మన మాటలో ఎవరు రాసిపెడతారు? యూనివర్సిటీలు తెలుగు శాఖల్లో ఈ పని చేయించవచ్చు, జానపద కళల మీద ఎన్ని పీహెచ్‌డీలు రాలేదు, వేషం ఎలా కడతారో, ఏ రంగు పూస్తారో అన్నీ రాశారు, కట్టిన మనిషికి అది ఏమిటో అడిగినవి నాకైతే ఎక్కువ కనపడలేదు. పెద్దవాళ్లు వెళ్లిపోతున్నారు. ఫోన్లో రికార్డర్ అందరికీ ఉంది. ముందు మన ఇళ్లలోనే అడగాలి.

నేను అడిగాను. నాయన లేడు ఇప్పుడు. పోయిన సంక్రాంతికి అమ్మ దగ్గర కూర్చుని, ఫోన్ రికార్డింగులో పెట్టి, నీ చిన్నప్పుడు మీ ఊళ్లో నాలాంటి వాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడిగాను. నారాయణవనం దగ్గర పల్లె ఆమెది. చాలాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది.

"ఉండేవాడు ఒకడు, మా వీధిలోనే. పెండ్లిండ్లకు వంట చేసేవాడు. మొగోడే, లుంగీ కట్టుకునేవాడు. ఆడోళ్లంతా వాడి దగ్గరే తల దువ్విచ్చుకునేది, అంత బాగా జడ అల్లేవాడు. జాతరొస్తే మటుకు, మొక్కు ఉన్నా లేకున్నా చీర కట్టేసేది. అబ్బా, ఎంత బాగుండేదో. ఆ వారం దినాలూ నవ్వతానే ఉండేది."

"తర్వాత?"

"పెండ్లి చేయాలని చూసినారు ఇంట్లో. ఒగ దినం మదరాసు రైలెక్కి పోయినాడంట. మళ్లా రాలేదు."

రికార్డింగు రెండోసారి విన్నప్పుడు పట్టుకున్నాను. జాతర మాట వచ్చిన చోట అమ్మ నోట్లో 'వాడు' పోయి 'నవ్వతానే ఉండేది' వచ్చింది, రైలెక్కేసరికి మళ్లీ 'పోయినాడు' అయిపోయింది. తను ఆ సంగతి గమనించలేదు, నేను చెప్పలేదు. చీరలు ఎక్కడివని మాత్రం అడిగాను.

"మా అమ్మవే. జాతర అయిపోయినాక ఉతికి, గంజి పెట్టి, మడిచి తెచ్చి ఇచ్చేది. ఆ కడపటి ఏడు తీసుకున్నది మటుకు ఇయ్యలేదు, రైలెక్కినప్పుడు సంచిలో పెట్టుకున్నట్టుంది. మా అమ్మ అడగలేదు."